4 పురుగులకు 48 పేర్లు

ప్రాణహిత ఒడ్డున సిరొంచలో ఓసారి వాలుగ కోయించుకుంటుంటే పేగులోంచి తెల్లటి నాడాల్లాంటివి జారాయి. "పురుగులా?" అన్నాను. కోసే పెద్దమ్మ తలెత్తకుండానే, "పేగుతోనే పోతయ్ బిడ్డా, కూరలకు రావు" అంది. నిజమే, వాలుగ పేగులో ఉండే ఈ బద్దెపురుగులు మనిషిలో బతకవు. కత్తిపీట దగ్గర అంతటితో తెగిన విషయం జంతుశాస్త్రంలో మాత్రం వందేళ్లు నానింది.

వీటిలో ఒకదాన్ని 1913లో సౌత్‌వెల్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. 1924లో వుడ్‌లాండ్ గంగ పేరు కలిపి గాంజీసియా అనే ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) పెట్టాడు. మరుసటి ఏడాదే మోఘే అనే శాస్త్రవేత్త మార్పు అనే చేపలోని పురుగును వర్ణించారు. అది బద్దెపురుగే గానీ ఒంటికి కణుపులే ఉండవు.

1960ల తర్వాత ఔరంగాబాద్‌లో జి.బి. షిండే, ఆయన శిష్యులు గోదావరి చేపల మీద పడ్డారు. బొమ్మిడాయిల్లో, కొరమీనుల్లో దొరికే సెంగా ప్రజాతి వాళ్లకు బంగారు గనైంది. దాన్ని 1934లో డాల్‌ఫస్ పెట్టింది ఫ్రాన్స్‌లో, అక్వేరియం చేపను చూసి! ఇక్కడికొచ్చాక అందులో గోదావరీ, ఔరంగాబాదెన్సిస్, పైఠనెన్సిస్, మహారాష్ట్రీ అని జాతులు పుట్టాయి. రైలు టైం టేబుల్ చదివినట్టే ఉంటుంది. వాళ్ల శ్రమ చిన్నదేం కాదు, కానీ పేర్ల జోరు చూస్తే అనుమానం రాక మానదు.

చేపల పురుగుల విషయంలో అసలు తిరకాసు సీసాలో ఉంది. బతికున్న పురుగును చల్లటి ఫార్మలిన్‌లో వేస్తే ముడుచుకుపోతుంది. వేడి ఫార్మలిన్ పోస్తే సాగి ఉన్నది సాగినట్టే చస్తుంది. అంటే ఒకే పురుగు ఒక సీసాలో పొట్టి, ఇంకో సీసాలో పొడుగు. తలమీది కొక్కేలు ఊడిపోతుంటాయి, వృషణాల లెక్క ఒక కణుపుకూ మరో కణుపుకూ కలవదు. ఆ కొలతల తేడాలే కొత్త జాతికి సాక్ష్యాలయ్యాయి. పోనీ సరిచూద్దామంటే చాలా పేర్లకు మూల నమూనాలే, అంటే పేరు పెట్టినప్పుడు దాచిన పురుగులే దొరకవు. కొత్త జాతి అంటే కొత్త పేపర్, పేపర్ అంటే ప్రమోషన్. ఆ టెన్షన్ తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఇలాంటి పేర్లను తూచి చూసే పని గాంజీసియాకు 2012లో జరిగింది. అనిర్బన్ ఆష్, తోమాష్ షోల్జ్ బృందం పాత నమూనాలు తీసి చూసింది, భారత్, బంగ్లాదేశ్, కంబోడియాల్లో కొత్తగా పట్టిన పురుగులతో పోల్చింది, డీఎన్ఏ కూడా చూసింది. మన ఆసియా వైపు మంచినీటి చేపల్లోంచి చెప్పిన 48 పేర్లలో నిలిచినవి 4. ఆ నాలుగింట్లో బెంగాలెన్సిస్, ఆగ్రాఎన్సిస్ రెండూ వాలుగలో ఉండేవే.

పెద్దమ్మ బూడిదలోకి తోసినవి ఈ రెండింట్లో ఏవో తేలాలంటే తల కావాలి, దాని మీది కొక్కేలు కావాలి. తలలేమో పేగు గోడను పట్టుకుని అక్కడే ఉండిపోయాయి, పేగును కాకి ఎత్తుకుపోయింది.