నంబరు మరిచిన పెట్టె: పిల్లలకు ఉత్తరం

కడప

చిరంజీవులైన పిల్లలకు జేజినాయన ఆశీర్వదించి రాయునది.

హాస్టలు నుంచి తెచ్చుకున్న పెట్టె తెరుచుకోవడం లేదని, నంబరు ఎవరికీ గుర్తు లేదని, స్క్రూడ్రైవరుతో మీటాలా అని అడిగినారు. మీటొద్దు. మీటితే తాళం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పెచ్చులు లేస్తుంది, జిప్పు రన్నరు వంగుతుంది, పెట్టె మాత్రం మూసుకునే ఉంటుంది. మూడంకెల తాళం ఎంత మొండిదైనా గంటలోపల లొంగిపోతుంది. దాని లెక్క అంత చిన్నది.

ముందు ఆ పెట్టె మీదేనా చూసుకోండి. నవ్వొద్దు. కువైట్ నుంచి చెన్నై విమానాశ్రయంలో దిగి రాయచోటికో రాజంపేటకో వచ్చే పెట్టెలన్నీ ఒకటే నలుపు, ఒకటే నీలం. పక్కవాళ్ల పెట్టె ఇంటికి తెచ్చుకుని మన నంబరు ఎన్నిసార్లు తిప్పితే ఏం లాభం? చక్రాలు, గీతలు, పేరు రాసిన చీటీ చూడండి. వేరేవాళ్లదని తెలిస్తే తాళం మీద చెయ్యి కూడా వేయొద్దు.

మీదేనని తేలినాక కొక్కేన్ని చూడండి. పండక్కి ఇంటికొచ్చే పెట్టెలో బట్టలు పట్టీపట్టకుండా కుక్కి ఉంటారు. అవి మూతను పైకి తోస్తా ఉంటే బరువంతా కొక్కెం మీద పడి, నంబరు సరిగ్గా ఉన్నా మీట కదలదు. ఒకరు తాళం పక్కన మూతను రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టండి, ఇంకొకరు మీట జరపండి. జిప్పు పెట్టె అయితే రన్నర్ల చెవులు రెంటినీ తాళంలోకి ఇంకొంచెం నొక్కి పట్టుకుని మీట తొయ్యండి. "నంబరు మరిచిపోయినాం" అనుకునే పెట్టెల్లో కొన్ని ఇక్కడే తెరుచుకుంటాయి. అంకెలు కూడా గీతకు సరిగ్గా ఎదురుగా నిలవాల. చక్రం రెండంకెల మధ్యలో ఆగి ఉంటే సరైన నంబరు కూడా పనిచెయ్యదు. పాత గట్టి సూట్‌కేసుకు ఎడమా కుడీ రెండు తాళాలుంటాయి, రెంటికీ వేర్వేరు నంబర్లు పెట్టుకునే వీలుంది. ఎడమది తెరుచుకుందని కుడిదానికీ అదే నంబరు అనుకోవద్దు.

ఇంక నంబరు సంగతి. తాళం లోపల ఏముందో తెలిస్తే మిగతాదంతా సులువు. పైకి కనిపించే అంకెల చక్రం లోపల ఇంకొక చిన్న బిళ్ల ఉంటుంది. దాని అంచున ఒకచోట గాడి. మూడు చక్రాలకు మూడు బిళ్లలు, మూడు గాళ్లు. మూడూ ఒకే వరసలోకి వచ్చి సరైన దిక్కు చూసినప్పుడు లోపలి కడ్డీ వాటిలోకి దిగుతుంది, మీట కదులుతుంది. ఒక్క గాడి పక్కకు ఉన్నా కడ్డీ దిగదు. నంబరు మార్చే మీట నొక్కినప్పుడు బిళ్ల కదలకుండా నిలబడిపోతుంది, అంకెల చక్రం మాత్రం దాని మీద విడిగా తిరుగుతుంది. కాబట్టి నంబరంటే అంకె చక్రానికీ గాడికీ మధ్య ఉన్న దూరం, అంతే.

నంబరు దానంతటదే మారిపోయిందని అందరూ అనేది కూడా ఇందువల్లే. తాళం తీసి ఉన్నప్పుడు పెన్ను మొనో సేఫ్టీపిన్నో తగిలి మార్చే బుడిపె నొక్కుకుంటుంది. ఎవరో ఆడుకుంటా చక్రం ఒక గడి తిప్పుతారు. మూత వేస్తారు. కొత్త నంబరు ఖాయమైపోతుంది, ఎవరికీ తెలియదు. ఇలాంటప్పుడు పాత నంబరుకు దగ్గరలోనే కొత్తది ఉంటుంది. ఒక్క చక్రమే జరిగి ఉంటే వెతకాల్సినవి 27 మాత్రమే: మూడు చక్రాలు, ఒక్కోదానికి తొమ్మిది వేరే అంకెలు. మూడూ ఒక్కో గడి అటో ఇటో జరిగి ఉండొచ్చు అనుకున్నా, పాతది తీసేస్తే 26 చాలు. అయిదు నిమిషాల పని. కొత్త పెట్టె అయితే దుకాణం నుంచి వచ్చినప్పుడు మామూలుగా 000 ఉంటుంది. ఆ 000కు కూడా ఇదే లెక్క వేయండి.

అది కాకపోతే నంబరు పెట్టిన మనిషి ఎవరో ఆలోచించండి. మనుషులు అంకెలు ఊరికే ఎన్నుకోరు. 123, 111, 007 తిప్పండి. పుట్టినరోజు ఆగస్టు 15 అయితే 158, 815 రెండూ చూడండి. ఫోను నంబరులో చివరి మూడు, బండి నంబరులో చివరి మూడు, హాస్టలు గది నంబరు కూడా. మన ఊళ్లో ఇంకొన్ని ఉన్నాయి. 786 మరిచిపోవద్దు, పెద్ద దర్గాకు పోయే ఊరు మనది, ముస్లిముల ఇళ్లలోనే కాదు, ఆ అంకె మీద నమ్మకం ఉన్న హిందువులూ చాలామంది. కువైట్ పెట్టె అయితే 965, అది ఆ దేశం ఫోను కోడు. కడప పిన్‌కోడు మొదటి మూడంకెలు 516, ఎస్టీడీ కోడు 08562లో చివరివి 562. ఇట్లా ఒక ఇరవై కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తా పోండి. నోటితో చెప్పుకుంటే చూసిందే మళ్లీ చూస్తారు.

ఊహలు అయిపోతే కళ్లతో చూసే పద్ధతి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చక్రానికీ తాళం గోడకూ మధ్య సన్నని సందు ఉంటే అందులోకి ఫోను టార్చి వేయండి. చక్రాన్ని ఒక పక్కకు మెల్లగా నెట్టి పట్టుకుంటే సందు ఇంకొంచెం పెద్దదవుతుంది. ఇప్పుడు చక్రాన్ని గడి గడిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. లోపలి బిళ్ల నున్నగా తిరుగుతా తిరుగుతా ఒక్క అంకె దగ్గర గాడి కనపడుతుంది. మూడు చక్రాలకూ గాడిని ఒకే దిక్కుకు, అంటే మూడూ మీ వైపుకో మూడూ పైకో తెచ్చి నిలపండి. అప్పుడు 3-8-1 అని కనపడిందనుకుందాం. మీట తొయ్యండి. రాకపోతే మూడు చక్రాలనూ కలిపి ఒక్కో గడి ముందుకు: 4-9-2. తర్వాత 5-0-3. గాళ్లు వరసలో ఉన్నాయి, దిక్కు ఒక్కటే తెలియదు. పది దిక్కులు, పది ప్రయత్నాలు. 1000 కాస్తా 10 అయిపోయింది చూడండి. ఏదో ఒక చక్రం గాడిని తప్పు చూస్తే మాత్రం పదీ వృథా, కాబట్టి తొందరపడకుండా రెండుసార్లు చూడండి. కొన్ని తాళాల్లో సందే ఉండదు, కొన్నిట్లో మోసం చేసే ఉత్తుత్తి గాడులు కూడా పెడతారు. వాటికి ఈ పద్ధతి పారదు.

చిన్న వేలాడే తాళానికి చెయ్యి చెప్తుంది. కొంకిని మెల్లగా లాగి పట్టుకుని చక్రాలు ఒక్కొక్కటీ కదిలించండి. ఒకటి మిగతావాటికంటే బిరుసుగా ఉంటుంది. దాన్ని తిప్పుతా పోతే ఒకచోట టక్కుమని కొంచెం సడలుతుంది, అక్కడ ఆపి తర్వాతి బిరుసు చక్రం పట్టుకోండి. చవక తాళాలు కొలత సరిగ్గా కుదరక ఇట్లా గుట్టు బయటపెడతాయి. గట్టిగా లాగితే అన్నీ బిగుసుకుపోయి ఏదీ తెలియదు.

ఏదీ కుదరకపోతే 000 నుంచి 999 వరకు వరసగా పోవడమే. పది అంకెలు, మూడు చక్రాలు: 10 × 10 × 10, వెయ్యి. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా 2000 సెకన్లు, అంటే 33 నిమిషాలు. చివరి నంబరు దాకా పోవాల్సిన ఖర్మ ఎవరికో ఒకరికి పడుతుంది గానీ సగటున అందులో సగమే. ఇంకా తొందరగా కావాలంటే మీట మీద వేలు తేలిగ్గా ఒత్తిపట్టుకుని మూడో చక్రాన్ని ఒక చుట్టు తిప్పండి, సరైన అంకె రాగానే మీట జారుతుంది. అట్లా 100 చుట్లు, చుట్టుకు ఆరు సెకన్లు, పది నిమిషాలు. ఒత్తిడి ఎక్కువైతే పళ్లు అరిగిపోతాయి. చక్రం కరకరలాడితే వేలు సడలించి, ఒక్కో నంబరు దగ్గర ఆగి తొయ్యండి. భోజనానికి లేచేటప్పుడు ఎంతవరకు వచ్చినారో రాసిపెట్టండి. వరస తప్పి ఒక పది వదిలేస్తే ఆ పదిలోనే ఉంటుంది నంబరు, దాని గుణం అంత. ఒకరు తిప్పుతా ఇంకొకరు అంకె చదివితే తప్పు రాదు. నాలుగు చక్రాల తాళం అయితే పదివేలు, అంటే అయిదున్నర గంటలు. దానికి ముందు చెప్పిన ఊహలూ, గాడి చూడ్డమే మేలు.

చక్రాలు దుమ్ముతో పట్టేసి ఉంటే కొబ్బరినూనె పోయొద్దు. అది దుమ్మును అంటించుకుని జిగురవుతుంది, 24 డిగ్రీల కింద గడ్డ కడుతుంది. మన ఊరి చలికాలం రాత్రులు ఆ లెక్కకు దిగేవే. మెత్తని పెన్సిలు ములుకును బ్లేడుతో గీకి ఆ పొడి సందులోకి ఊది, చక్రాలు నాలుగు చుట్లు తిప్పండి.

కొన్ని తాళాల మీద ఎర్ర వజ్రం గుర్తు, టీఎస్‌ఏ007 లాంటి నంబరు, ఒక తాళంచెవి రంధ్రం ఉంటాయి. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ చేసేవాళ్లు పెట్టె పగలగొట్టకుండా తీయడానికి పెట్టిన రంధ్రం అది. కొన్నవాళ్లకు ఆ చెవి ఇవ్వరు, కాబట్టి చెవి పోయిందని వెతకొద్దు. అందులో హెయిర్‌పిన్ను దూర్చి తిప్పితే విరిగిన ముక్క లోపల ఉండిపోతుంది.

రాత్రికే రైలు ఉంది, టికెట్టు లోపల ఉంది అన్నప్పుడు మాత్రం కోయండి, గుడ్డను కాదు. తాళంలోకి దూరిన రన్నరు చెవిని కటింగ్ ప్లేయరుతో తుంచండి. రన్నరు విడిపోతుంది, జిప్పు తెరుచుకుంటుంది. తర్వాత చెవి స్థానంలో ఒక రింగు వేయించుకోవచ్చు, బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర రన్నరు కొత్తది కూడా దొరుకుతుంది. పెన్ను మొనతో జిప్పు పళ్లు చీల్చే పద్ధతి ఫోన్లో చూసి ఉంటారు. పళ్లు విడిపోతాయి నిజమే, రన్నర్లు తాళంలో ఇరుక్కుని ఉంటే మళ్లీ మూయడానికి దారి ఉండదు. వేలాడే తాళం అయితే కొంకి కోసేయడమే, అది పోతే పోనీ.

తెరుచుకున్న వెంటనే, మూత తెరిచే ఉంచి, ఆ నంబరు రాసుకోండి. కొత్తది పెట్టాలంటే తాళం తెరుచుకున్న నంబరు మీదే చక్రాలు ఉంచి, పక్కన ఉన్న చిన్న బుడిపెను పెన్ను మొనతో టక్కుమనేదాకా నొక్కండి. కొత్త అంకెలు గీతకు సూటిగా తెండి. మీట ఒకసారి జరిపితే బుడిపె బయటకు వస్తుంది. పాత సూట్‌కేసుల్లో బుడిపె బదులు మూత లోపలివైపు చిన్న మీట ఉంటుంది. దాన్ని పక్కకు జరిపి, నంబరు మార్చి, మళ్లీ మొదటి చోటికి తేవాల. తేవడం మరిచిపోతే చక్రం కదిలినప్పుడల్లా నంబరు మారతా ఉంటుంది. మూత వేయకముందే చక్రాలు చెదరగొట్టి, కొత్త నంబరుతో మూడుసార్లు తీసి చూడండి. నంబరు మీ అమ్మ ఫోన్లోనూ ఒకచోట రాసి ఉంచండి. అటక మీద పెట్టే పెట్టె అయితే మళ్లీ 000కు మార్చి పెట్టండి, వచ్చే సెలవులకు ఎవరు దించినా ఇబ్బంది ఉండదు.

ఇట్లు
మీ జేజినాయన