పాలబ్బాయి పంపిన చలానా

అమ్మలూ, చిన్నోడా,

మొన్న ఆదివారం "తాతయ్యా, అది నొక్కకు" అని నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు చూడండి, మంచి పనే చేశారు. స్కూటర్ అమ్మేసి మూడేళ్లయింది, దానికి చలానా ఏంటా అని, వాట్సాప్‌లో వచ్చిన ఆ ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్లోకి కొత్త యాప్‌ని ఎక్కించే ఫైల్) తెరవబోయిన మాట నిజమే. కానీ గుంటూరు బస్సుకి టైమైపోతోందని పరిగెడుతూ చిన్నోడు "సెక్యూరిటీ యాప్ వేయించుకున్నావుగా, మరి అదేం చేస్తున్నట్టు?" అని అడిగి పోయాడు. ఫోన్లో చెబితే మీరు రెండో నిమిషంలో అమ్మమ్మకి ఇవ్వమంటారు, అందుకే రాస్తున్నా.

ఇలాంటి సెక్యూరిటీ యాప్ చేసిన లుకౌట్ అని అమెరికాలో ఒక కంపెనీ ఉంది. జాన్ హెరింగ్, కెవిన్ మహాఫీ, జేమ్స్ బర్జెస్ అనే ముగ్గురు పెట్టారు, ముగ్గురూ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదివినవాళ్లే. మొదట్లో పేరు ఫ్లెక్సిలిస్. 2004 నాటి సంగతి, బీసెంట్ రోడ్డులో ఎవరు ఫోన్ కొన్నా నోకియానే కొనే రోజులు. ఆ ఫోన్లలో బ్లూటూత్‌కి ఒక లొసుగు ఉంది. బ్లూటూత్ అందేది పది మీటర్లే కదా, అంత దగ్గరికి ఎవడొస్తాడులే అని ధీమా. అప్పుడు వీళ్లేం చేశారంటే, మన మేడ మీద దూరదర్శన్ కోసం కట్టి, గాలి వీచినప్పుడల్లా నేనెక్కి తిప్పేవాణ్ణే, అదే రకం యాంటెన్నాని తుపాకీ మడమకి బిగించారు. దానికి బ్లూస్నైపర్ అని పేరు. సముద్రం ఒడ్డున గురిపెట్టి మైలు దాటి ఉన్న ఫోన్‌లోకి దూరారు. మైలంటే ఎంతో తెలుసా, మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, అంటే ఇటు విజయవాడ ఒడ్డున నిలబడి, అటు సీతానగరం వైపు బ్యారేజీ దిగి ఇంకా ముందుకెళ్లినవాడి జేబులో చెయ్యి పెట్టినట్టు!

మరుసటి ఏడాది ఆస్కార్ పండగకి ల్యాప్‌టాప్‌ని వీపు సంచిలో పెట్టుకుని జనంలో నిలబడ్డారు. లోపలికి వెళ్తున్న వాళ్లలో యాభై నుంచి వంద మంది ఫోన్లు తలుపు తెరిచిన ఇళ్లలా ఉన్నాయని తేల్చారు. నాకైతే అది కాస్త కోతిపనే అనిపిస్తుంది, కానీ ఎవరి ఫోన్‌లోంచీ ఏమీ తీయలేదు, లెక్కపెట్టి ఊరుకున్నారు.

2007లో దాన్ని కంపెనీగా పెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాక వీళ్ల యాప్ బాగా పాకింది. ఫోన్ పోతే మ్యాప్‌లో చూపించేది, సైలెంట్‌లో ఉన్నా సరే గావుకేకలు పెట్టించేది. అసలు పని మాత్రం పోలీస్ స్టేషన్‌లో పాత నేరస్థుల వేలిముద్రల్లాంటిది. ప్రతి యాప్‌కీ ఒక ముద్ర ఉంటుంది, ఒకడి ఫోన్‌లో దొంగ దొరికితే ఆ ముద్ర అందరి ఫోన్లకీ చేరుతుంది. కొత్త దొంగకి ముద్ర ఉండదు కదరా చిన్నోడా, నీ ప్రశ్నకి సగం జవాబు అదే. ఐఫోన్‌లో అయితే ఒక యాప్ ఇంకో యాప్ లోపలికి చూడ్డానికే వీల్లేదు.

మిగతా సగం 2016లో ఉంది. ఆగస్టు 12న మనకి కృష్ణా పుష్కరాలు మొదలు. దుర్గాఘాట్‌లో నేను మునుగుతుంటే, అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని నా బటన్ల ఫోన్‌ని పాల కవర్లో చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, తువ్వాలు కింద దాచింది. నా ఫోన్‌కి అప్పట్లో ఉన్న సెక్యూరిటీ అదే. సరిగ్గా దానికి రెండు రోజుల ముందు, ఎమిరేట్స్‌లో అహ్మద్ మన్సూర్ అనే హక్కుల కార్యకర్త ఐఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది, జైళ్లలో చిత్రహింసల రహస్యాలు ఈ లింక్‌లో ఉన్నాయి అని. ఆయన నొక్కలేదు. కెనడాలో టొరంటో యూనివర్సిటీ సిటిజన్ ల్యాబ్‌కి పంపాడు, వాళ్లు లుకౌట్ వాళ్లని కలుపుకుని విప్పి చూస్తే పెగాసస్ బయటపడింది, ఇజ్రాయెల్‌కి చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారుచేసిన గూఢచారి సాఫ్ట్‌వేర్. ఐఫోన్‌లోని మూడు లొసుగుల్ని అది వరసగా వాడుకుంటుంది. మొదటిది గేటు గడియ తీస్తుంది, రెండోది బీరువా ఏ గదిలో ఉందో చెబుతుంది, మూడోది బీరువా తాళం విరగ్గొడుతుంది. ఆపైన మాటలు, మెసేజ్‌లు, కెమెరా అన్నీ వాడివే. పుష్కరాలు ముగిసిన రెండో రోజు, ఆగస్టు 25న, ఆపిల్ ఆ మూడూ మూసేసి 9.3.5 అప్‌డేట్ వదిలింది. అంత పెద్ద దొంగని ఏ యాప్ పట్టింది చెప్పండి? లింక్ చూసి అనుమానపడిన ఒక మనిషి పట్టాడు.

తర్వాత లుకౌట్ మెల్లగా పెద్ద కంపెనీల వైపు తిరిగిపోయింది. మనలాంటి మామూలు జనం వాడే యాప్ వ్యాపారాన్ని 2023లో ఫిన్లాండ్ కంపెనీ ఎఫ్-సెక్యూర్‌కి అమ్మేసింది, దాదాపు 22 కోట్ల డాలర్లకి.

అన్నట్టు, ఆ చలానా వచ్చింది మన పాలబ్బాయి నంబర్ నుంచి, అందుకే నేనూ నమ్మాను. సోమవారం పొద్దున్న గిన్నె పట్టుకుని గుమ్మంలో అడిగా, ఏంట్రా నాకు చలానా పంపావు అని. వాడు క్యాన్ కింద పెట్టేసి, "నేనేం పంపలేదు పెదనాన్నగారూ, నాకూ ఎవరో అదే పంపితే నొక్కాను, నిన్నట్నుంచి నా వాట్సాపే తెరుచుకోవట్లేదు" అన్నాడు.

మీ తాతయ్య