టిఫా స్కాన్ "ఐదు నెలలు నిండాక" కాదు: గర్భిణుల స్కాన్లపై అపోహలు, వాస్తవాలు

అపోహ: "మాటిమాటికీ స్కాన్ చేయిస్తే బిడ్డకు మంచిది కాదు. ఐదు నెలలు నిండాక పెద్ద స్కాన్ ఒక్కటే చేయిద్దాం."

స్కాన్ గదిలో తరచూ వినబడే మాట ఇది. గర్భిణి కన్నా ఎక్కువగా వెంట వచ్చిన అత్తగారో పిన్నిగారో అంటారు. బిడ్డ మీద ప్రేమతోనే అంటారు, అందులో అనుమానం లేదు. కానీ అప్పటికి 23వ వారం నడుస్తుంటుంది. స్కాన్ వల్ల ఏదో జరుగుతుందని భయపడి వదిలేసిన ఆ నాలుగైదు వారాలు మళ్లీ దొరకవు. అందుకే ముందు దీని సంగతి.

స్కాన్ చేసే డాక్టర్లం మేం లెక్కపెట్టేది నెలలు కాదు, వారాలు. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. ఐదో నెల పడేసరికి సుమారు 18వ వారం నడుస్తుంటుంది. ఐదు నెలలు నిండేసరికి 22 వారాలు వస్తాయి. డాక్టరు "ఐదో నెలలో టిఫా" (బిడ్డ అవయవాలను ఒక్కొక్కటిగా చూసే పెద్ద స్కాన్) అని చెబితే ఇంటికి వెళ్లేసరికి అది "ఐదు నిండాక" అయిపోతుంది. మధ్యలో నాలుగు వారాలు పోతాయి. తేదీలు వేసి చూడండి. ఆఖరి నెలసరి మే 1న వచ్చిందనుకుంటే ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటిని కొలిచేది) జూలై 17 నుంచి ఆగస్టు 6 లోపు, టిఫా సెప్టెంబరు 4 నుంచి 18 లోపు, అంటే 18 నుంచి 20 వారాల మధ్య, చేయించుకోవాలి. ఈ తేదీలను క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ రెండు వారాల ముందే తీసుకోండి.

20 వారాల్లోపే ఎందుకు? 19వ వారంలో బిడ్డ గుండెలోనో మెదడులోనో లోపం కనిపించిందనుకుందాం. కడుపులో బిడ్డ గుండెను చూసే స్కాన్, ఫీటల్ ఎకో చేయించాలి. అవసరమైతే ఉమ్మనీరు తీసి క్రోమోజోముల పరీక్షకు పంపాలి. కణాలను పెంచి చూసే కార్యోటైప్ ఫలితం రావడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. జెనెటిక్స్ డాక్టరునూ పిల్లల సర్జన్‌నూ కలవాలి, ఇంట్లో మాట్లాడుకోవాలి. ఇవన్నీ అయ్యేసరికి 22, 23 వారాలు వస్తాయి. 2021లో సవరించిన ఎంటీపీ చట్టం ప్రకారం గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ నిబంధనల్లో పేర్కొన్న పరిస్థితుల్లోనే. బిడ్డకు తీవ్రమైన లోపం ఉండటం వాటిలో ఒకటి. 24 దాటితే మెడికల్ బోర్డు దగ్గరికి వెళ్లాల్సిందే. మొదటి స్కానే 23వ వారంలో అయితే పరీక్ష ఫలితం చేతికొచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. గర్భం కొనసాగించాలనుకునేవాళ్లకూ ఈ సమయం అవసరమే. కానుపు ఎక్కడ, పుట్టగానే ఆపరేషన్ చేసే సదుపాయం ఏ ఊళ్లో ఉంది, డబ్బు ఎలా అన్నవి నింపాదిగా చూసుకోవచ్చు.

ఎన్‌టీకి గడువు ఇంకా కచ్చితం: 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల వరకే. బిడ్డ పొడవు, అంటే సీఆర్ఎల్, 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 84 దాటితే మెడ వెనక నీటి కొలతతో డౌన్ సిండ్రోమ్ రిస్క్ లెక్క కట్టలేం. దాంతోపాటు చేసే డబుల్ మార్కర్ రక్తపరీక్ష గడువూ అక్కడితో సరి. కవలలైతే ఇద్దరికీ ఒకే మాయా, వేర్వేరు మాయలా అన్నది 14 వారాల్లోపే స్పష్టంగా తెలుస్తుంది. ఒకే మాయ అయితే ఒకరి రక్తం మరొకరికి మళ్లే ప్రమాదం ఉంది కాబట్టి 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పదు. బీపీ ముప్పు ఎక్కువని తేలినవాళ్లకు డాక్టరు ఇచ్చే తక్కువ మోతాదు ఆస్పిరిన్ 16 వారాల్లోపు మొదలైతేనే బాగా పనిచేస్తుంది. "నాలుగో నెల వచ్చేదాకా ఆసుపత్రి గడప తొక్కొద్దు" అనే ఇళ్లలో ఇవన్నీ చేజారతాయి.

అపోహ: "స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది."

లేదు. ఈ భయం ఎందుకు పుడుతుందో అర్థమవుతుంది. బయట బోర్డు మీద రేడియాలజీ అని ఉంటుంది, పక్క గదిలో ఎక్స్‌రే తీస్తుంటారు. అల్ట్రాసౌండ్ అంటే శబ్దం. కడుపు మీద పెట్టే ప్రోబ్ సుమారు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ తరంగాలను పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ కడుతుంది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో దీని మీద పరిశోధనా పత్రం ప్రచురించినప్పటి నుంచి వాడుకలో ఉంది. మామూలు స్కాన్ల వల్ల బిడ్డకు హాని జరిగినట్టు ఇన్నేళ్లలో రుజువు కాలేదు.

అలాగని ఎంతసేపైనా చేయొచ్చని కాదు. శబ్దశక్తి కొంత వేడిగా మారుతుంది. ఆ అంచనా తెర మూలన టీఐ అనే అంకెగా కనిపిస్తుంది. 0.7 లోపు ఉంటే సమయ పరిమితి అక్కర్లేదని బ్రిటిష్ మెడికల్ అల్ట్రాసౌండ్ సొసైటీ మార్గదర్శకం. రక్తప్రవాహాన్ని కొలిచే పల్స్‌డ్ డాప్లర్ వాడితే టీఐ పెరుగుతుంది. ఏడో వారంలో గుండె చప్పుడు వినిపించమని అడుగుతారు. వినిపించాలంటే డాప్లర్ పెట్టాలి కాబట్టి అప్పుడు డాప్లర్ లేని ఎం-మోడ్ పద్ధతిలో కొలిచి అంకె మాత్రమే చెబుతాం. బిడ్డ ముఖం చూసుకోవడానికి గంటసేపు 4డీ స్కాన్ అక్కర్లేదు. అంతా సవ్యంగా ఉన్న గర్భానికి నెలనెలా స్కాన్ కూడా అక్కర్లేదు. 7–8 వారాల్లో ఒకటి, ఎన్‌టీ, టిఫా, ఆఖరి మూడు నెలల్లో ఒకటో రెండో గ్రోత్ స్కాన్లు చాలు. అంతకు మించి రాస్తే కారణం అడగండి, అడగడం మీ హక్కు.

అపోహ: "గుండె చప్పుడు కనబడలేదంటే గర్భం పోయినట్టే."

ఇంట్లో పరీక్షలో రెండు గీతలు రాగానే ఐదో వారంలోనే పరుగెత్తుకొస్తారు. అప్పుడు సంచి తప్ప ఏమీ కనిపించదు, ఇక రాత్రంతా ఏడుపే. కింది నుంచి చేసే టీవీఎస్‌లో బిడ్డ పొడవు 7 మిల్లీమీటర్లు వచ్చాక కూడా గుండె కొట్టుకోకపోతేనే, లేదా సంచి 25 మిల్లీమీటర్లు ఉండి లోపల బిడ్డ లేకపోతేనే గర్భం నిలవలేదని చెప్పాలి. అంతకన్నా చిన్నగా ఉంటే వారం, రెండు వారాలు ఆగి మళ్లీ చూడాలి. ఒక్క స్కాన్ చూసి అదే రోజు గర్భం తీసే మాత్రలు మింగేయొద్దు. టీవీఎస్ వల్ల గర్భం పోదు. దానికి మూత్రాశయం ఖాళీగా ఉండాలి, సీసాలకు సీసాలు నీళ్లు తాగి రానక్కర్లేదు.

అపోహ: "స్కాన్ స్కాన్‌కీ కానుపు తేదీ మారుతోంది."

మారదు. మొదటి మూడు నెలల స్కాన్‌లో వయసు లెక్క వారం తేడాలోపే ఉంటుంది. ఎనిమిదో నెలలో మూడు వారాల తేడా రావచ్చు. కాబట్టి మొదటి స్కాన్‌తో ఖాయం చేసిన తేదీనే చివరిదాకా పట్టుకోవాలి. సీమంతమయ్యాక పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరలతో పాటు ఆ మొదటి రిపోర్టు కూడా సంచిలో పెట్టండి. అది లేకపోతే అక్కడి కొత్త డాక్టరుకు బిడ్డ ఎదగలేదా, అసలు నెలలే నిండలేదా అన్నది తేల్చడం కష్టం.

మిగతావి త్వరగా. ఐదో నెలలో "మాయ కిందకు ఉంది" అంటే మంచం ఎక్కనక్కర్లేదు. ఎక్కువ మందిలో అది పైకి జరుగుతుంది, 32 వారాలకు మళ్లీ చూస్తారు. రక్తం కనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. మెడకు పేగు చుట్టుకోవడం నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉంటుంది, దానికోసమే సిజేరియన్ అవసరం లేదు. స్కాన్ చెప్పే బరువు పది, పదిహేను శాతం అటూఇటూ కావచ్చు. టిఫా నార్మల్ అంటే లోపాలన్నీ లేవని హామీ కాదు. వినికిడి, బుద్ధిమాంద్యం, కొన్ని గుండె లోపాలు అందులో తెలియవు.

స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపమంటే చిరాకుపడకండి, అది పుట్టకముందే ఆడా మగా తేల్చడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం పెట్టిన నిబంధన. బిడ్డ ఆడా మగా అని మాత్రం అడగొద్దు. శిక్ష చెప్పినవాళ్లకే కాదు, చెప్పించుకోవాలని వచ్చినవాళ్లకూ ఉంది. అలా వచ్చినవాళ్లకు మొదటి తప్పుకే మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. గర్భిణిని భర్తో బంధువులో ఒత్తిడి చేశారనే చట్టం ముందుగా భావిస్తుంది.