"నువ్వు రాంగనే మంచిగ నడుస్తుందన్నా!": కాపీయర్ పేపర్ జామ్‌పై అపోహలు - వాస్తవాలు

నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఆఫీసుల్లో కాపీయర్లు బాగుచేయడం నా పని. ఏ కంపెనీదైనా అందరూ జిరాక్స్ మిషన్ అనే అంటారు. పూర్తిగా ఆగిపోయిన మిషన్‌తో నాకు ఇబ్బంది లేదు. "పొద్దున్నుంచి పదిసార్లు ఇరికింది, నువ్వు రాంగనే మంచిగ నడుస్తుందన్నా" అనే ఫోన్లతోనే తిప్పలు.

అపోహ: అప్పుడప్పుడు వచ్చే జామ్‌కు కారణం దొరకదు.

వాస్తవం: దొరుకుతుంది, కానీ మిషన్ విప్పితే కాదు, రాసిపెడితే. ఏ ట్రే, కాగితం ఎక్కడ ఆగింది, ఎన్నో కాపీకి ఆగింది: ఈ మూడూ ఒక చీటీ మీద రాసి మిషన్‌కు అంటించండి. ఒక్క ట్రేలోనే వస్తుంటే ముందుగా ఆ ట్రే రోలర్లే చూస్తాను. అన్ని ట్రేలకూ వస్తుంటే, అన్నిటి కాగితమూ కలిసి వెళ్లే దారిలో వెతుకుతాను. కాగితం సెన్సార్ దగ్గరికి అనుకున్న సమయానికి రాకపోతే మిషన్ జామ్ అంటుంది. రబ్బరు నున్నబడి రోలర్ కాస్త జారినా ఆలస్యమే. అందుకే తలుపు తీస్తే కాగితం ఒక్క మడత కూడా లేకుండా కనిపిస్తుంది.

అపోహ: తప్పంతా పేపర్‌దే.

వాస్తవం: కొన్నిసార్లు నిజమే. వానాకాలంలో విప్పి వదిలేసిన రీమ్ చెమ్మ పీల్చి వంకర తిరుగుతుంది. మన ఎండాకాలపు పొడి గాలికి కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని రెండేసి వస్తాయి. కానీ పేపర్‌ను తిట్టేముందు ట్రే గైడ్లు (కట్టను కదలకుండా పట్టి ఉంచే అడ్డలు) చూడండి. ఇక్కడ లీగల్ పేరుతో అమ్మే కట్ట చాలావరకు 215 × 345 మిల్లీమీటర్లు. మిషన్ లెక్కలో లీగల్ అంటే 216 × 356. వెనక గైడ్‌ను ఆ 356 దగ్గరే వదిలేస్తే కట్ట వెనక్కి జారి, కాగితాన్ని లోపలికి లాగే పికప్ రోలర్‌కు అందీ అందకుండా ఉంటుంది. లీగల్ పేపర్ ఎక్కువగా వాడేచోట ఇది నాకు తరచూ కనిపించే తప్పు.

ఇరికిన కాగితాన్ని ఒంటిచేత్తో గుంజడం కూడా మానాలి. చిరిగిన ముక్క లోపల ఉండిపోతే రేపటి జామ్‌కు అదే కారణం.

అపోహ: రోలర్‌ను థిన్నర్‌తో తుడిచినా, గరుకు కాగితంతో రుద్దినా కొత్తదవుతుంది.

వాస్తవం: రుద్దితే నాలుగు రోజులు నడుస్తుంది. థిన్నర్ రబ్బరును పాడుచేస్తుంది. నీళ్లతో తడిపి పిండిన బట్ట చాలు.

అపోహ: రోలర్లు మారిస్తే ఫీడింగ్ జామ్ పోతుంది.

వాస్తవం: నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఆఫీసులో రెండుసార్లు మార్చాను, డబ్బులూ తీసుకున్నాను, జామ్ పోలేదు. చివరికి అటెండర్ రాసిన చీటీ చూస్తే అన్నీ ఒకటే: "రెండో ట్రే, పొద్దుగాల, మొదటి కాగితం." అప్పుడు వెలిగింది. పికప్ రోలర్‌ను తిరగనిచ్చే మీటను సొలెనాయిడ్ అనే కరెంటు అయస్కాంతం లాగుతుంది, అందులో చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది జిగురైపోయింది. రాత్రంతా కదలకుండా ఉన్న మీట దానికి అతుక్కుని, పొద్దున ఆలస్యంగా వదులుతోంది. నేను మధ్యాహ్నం వెళ్లేసరికి మిషన్ వందసార్లు తిరిగి ఉంటుంది, ఇంకెందుకు ఆగుతుంది? స్పాంజి గీకేసి, జిగురు తుడిచి, పలుచటి ఫెల్ట్ ముక్క అంటించాను. రెండోసారి వేసిన రోలర్ల డబ్బు తిరిగి ఇచ్చేశాను.