పదో తరగతితో పరుగు ఆగిపోదు: హర్డిల్స్ మీద అపోహలు - వాస్తవాలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మా గ్రౌండ్ సగం ఖాళీ అవుతుంది. హర్డిల్స్, అంటే వరసగా పెట్టిన అడ్డాలు దాటుతూ పరిగెత్తే పందెం, నేర్పే కోచ్‌గా ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఈసారి కూడా ఒక తల్లి వచ్చింది. చేతిలో క్యారీబ్యాగ్, అందులో కూతురి స్పైక్స్.

"మాస్టారూ, ఇంటర్లో ఏసేత్తన్నాం. హాస్టలు. నాలుగేళ్లు పరిగెత్తింది, స్టేట్ మెడల్ ఒక్కటీ రాలేదు కదండీ. ఇంక వచ్చేదేటుంది? ఈ బూట్లు వేరే పాపకి ఎవరికైనా ఇచ్చేయండి" అంది.

ఆమెను తప్పు పట్టలేను. కంచరపాలెం నుంచి రెండు ఆటోలు మారి, పొద్దున్న అయిదున్నరకల్లా పాపను దింపి, అటునుంచి అటే పనికి పోయే మనిషి. నాలుగేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా తేలేదు. ఆమెకి ఈ మాట నూరిపోసినవాళ్ల మీదే నా కోపం. ప్రతి ఏడాదీ ఇదే మాట వింటున్నాను కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

అపోహ: పదో తరగతిలోపు స్టేట్ మెడల్ రాకపోతే హర్డిల్స్‌లో ఇక భవిష్యత్తు లేదు.

వాస్తవం చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా బంగారాలు గెలిచిన జ్యోతి యర్రాజి మన విశాఖ పిల్లే. 1999 ఆగస్టులో పుట్టింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పని చేస్తూ, ఆసుపత్రిలో క్లీనింగ్ పని కూడా చేసేది. పోర్ట్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఆమె ఎత్తు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందన్నారు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఈ కథ చెప్పినప్పుడల్లా "ఆమెకి చిన్నప్పుడే మెడల్ వచ్చిందిగా" అంటారు. వచ్చింది. 2015లో అంతర్ జిల్లా పోటీల్లో బంగారు పతకం. ఆ తర్వాతి ఏడేళ్లు ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు.

2016లో హైదరాబాద్ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) సెంటర్, అక్కడ నాగపురి రమేశ్ గారి దగ్గర శిక్షణ. తర్వాత గుంటూరు. 2019లో భువనేశ్వర్, కోచ్ జేమ్స్ హిల్లియర్. 2020 జనవరిలో మూడబిద్రిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 సెకన్లు పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ 2002లో పెట్టింది. పద్దెనిమిదేళ్ల నాటి రికార్డు కళ్లముందే చెరిగిపోయింది, కానీ డోపింగ్ పరీక్షల నిబంధన పూర్తి కాలేదని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత కరోనా, వెన్ను గాయం. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు. రికార్డుగా లెక్కించాలంటే హద్దు 2.0. అదీ పోయింది.

రెండుసార్లు చేతికందింది జారిపోయాక మూడోసారి, 2022 మే 10న, సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. అదీ ఆమె మొదటి అధికారిక జాతీయ రికార్డు. అప్పటికి ఆమె వయసు 22. అదే నెలలో 13.11, ఆపై 13.04. అక్టోబరులో బెంగళూరులో 12.82. పదమూడు సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారత మహిళ. 2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్, ఆగస్టులో చెంగ్డూలో 12.78, అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 12.91తో రజతం. 2024లో పారిస్: ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తిన మొదటి భారత మహిళ. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96తో మీట్ రికార్డు, మళ్లీ ఆసియా బంగారం.

ఇప్పుడు లెక్క వేయండి. ఇందులో పదో తరగతి లోపల జరిగింది ఎంత? తర్వాత జరిగింది ఎంత? ఆ 13.03 వచ్చింది డిగ్రీ వయసు పిల్లల పోటీలో. ఇంటర్‌లో మాన్పించేస్తే ఆ గీత దగ్గరికి చేరే దారే ఉండదు.

ఇది ఒక్క జ్యోతి అదృష్టం కాదు, ఈ ఈవెంట్ స్వభావమే అంత. 18 ఏళ్ల లోపు ఆడపిల్లలు పరిగెత్తే హర్డిల్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు. ఆ పైన 83.8. పదమూడేళ్లకే ఏపుగా ఎదిగిన పాప చిన్న హర్డిల్ మీద సునాయాసంగా గెలిచేస్తుంది. ఇంకా ఎదగాల్సిన పాప నాలుగో స్థానంలో వస్తుంది. నాలుగేళ్ల తర్వాత ఇద్దరినీ 83.8 ముందు నిలబెట్టి చూడండి, వరస అలాగే ఉంటుందని ఏ కోచ్ కూడా హామీ ఇవ్వలేడు. మధ్యలో ఇంకో సంగతి ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కాళ్లు ఒక్కసారిగా పొడవవుతాయి. నిన్నటిదాకా సరిపోయిన అడుగు ఇవాళ హర్డిల్ కిందకి పోతుంది. రిథమ్ చెడుతుంది, టైమింగ్ పడిపోతుంది. శరీరం కొత్త కొలతలకి అలవాటు పడటానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి "పాపకి ఆట పోయింది" అంటారు.

ఈ మాట నేనూ అన్నాను. కోచింగ్ మొదలెట్టిన కొత్తలో, తొమ్మిదో తరగతి పాప ఒకర్తె వరసగా మూడు మీట్‌లలో మూడో హర్డిల్ దగ్గరే ఆగిపోయింది. వాళ్ల నాన్నకి "లాభం లేదండీ, చదువు మీద పెట్టండి" అని చెప్పేశాను. ఆయన నా మాట విన్నాడు. అయిదేళ్ల తర్వాత ఎంవీపీ కాలనీ రైతుబజారులో "మాస్టారూ" అని పిలిస్తే తిరిగి చూశాను. నాకంటే పొడుగ్గా, నిటారుగా, ఆ కాళ్లు చూస్తే ఏ కోచ్‌కైనా కన్ను తిప్పుకోబుద్ధి కాదు. "ఇప్పుడు పరిగెత్తట్లేదు మాస్టారూ, మీరే వద్దన్నారుగా" అంది, నవ్వుతూనే. ఆ రోజు కూరగాయలు కొనకుండా ఇంటికి వచ్చేశాను. అప్పటినుంచి పదిహేడేళ్ల లోపు ఎవరికీ "లాభం లేదు" అనే మాట నా నోట రాలేదు.

ఈ అపోహ వల్ల ఇంకో నష్టం ఉంది. చిన్నప్పుడే మెడల్ కావాలనే తొందరలో పుట్టిన తేదీ మార్చి వయసు రెండేళ్లు తగ్గించి రాయిస్తారు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగడతారని తెలిసీ చేస్తారు. దొరికితే శిక్ష పడేది పిల్లకే, పేరు పోయేదీ పిల్లదే. ఈ సలహా ఇచ్చేవాళ్లని నా గ్రౌండ్ గేటు లోపలికి రానివ్వను.

మరి ఇంటర్ మాటేమిటి? చదువు మానమని నేనెప్పుడూ చెప్పను. వీలైతే డే స్కాలర్‌గా వేయండి. వారానికి మూడు రోజులు, రోజుకి గంట. స్ప్రింట్, బలం, హర్డిల్ డ్రిల్స్. ఆ రెండేళ్లు ఇది కొనసాగితే చాలు, డిగ్రీలో మళ్లీ పూర్తిగా దిగొచ్చు. హాస్టల్ తప్పదంటే కనీసం గ్రౌండ్ ఉన్న కాలేజీ చూడండి. చేరకముందే అడగండి, చేరాక ఎవరూ జవాబు చెప్పరు.

అపోహ: హర్డిల్స్ అంటే దూకడం. పొడుగ్గా ఉన్నవాళ్లకే సాధ్యం.

హర్డిల్స్ అంటే స్ప్రింట్. దారిలో పదిసార్లు కాలు కొంచెం ఎత్తుగా వేస్తాం, అంతే. గాల్లో ఉన్నంతసేపూ మనిషి వేగం తగ్గుతూనే ఉంటుంది కాబట్టి ఎంత తొందరగా నేల మీదకి వస్తే అంత మంచిది. ఇక ఎత్తు గురించి. మహిళల 100 మీటర్లలో మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 8.5, చివర్లో 10.5. ఆ ఎనిమిదిన్నరలో హర్డిల్‌కి రెండు మీటర్ల ముందు లేస్తారు, దాటాక మీటరు దూరంలో దిగుతారు. మిగిలేది అయిదున్నర మీటర్లు, అందులో మూడు అడుగులు. అంటే అడుగుకి 1.8 మీటర్లు. మామూలు స్ప్రింట్‌లో అడుగు ఇంతకన్నా పెద్దదే పడుతుంది. పై స్థాయికి వెళ్లేకొద్దీ ఇబ్బంది అడుగు చాలకపోవడం కాదు, అడుగు కుదించుకుని త్వరత్వరగా వేయలేకపోవడం. పొడుగు కాళ్లవాళ్లకి అక్కడే ఇరుకవుతుంది. ప్రపంచ రికార్డు 12.12 నైజీరియా అమ్మాయి టోబి అముసన్‌ది, 2022లో. ఆమె అయిదడుగుల చిల్లర మనిషి. ఎత్తు ఉంటే నేర్చుకునేటప్పుడు సులువు, నిజమే. జ్యోతిని గుర్తించిందీ దాంతోనే. కానీ ఎత్తు లేదని ఏడో తరగతి పిల్లని వెనక్కి పంపడం అన్యాయం.

చిన్నపిల్లల ముందు పెద్ద హర్డిల్ పెట్టడం కూడా ఈ అపోహ తెచ్చిన తంటాయే. పదకొండేళ్ల పిల్లలతో వెల్డింగ్ చేయించిన ఇనుప హర్డిల్స్ దూకించడం ఒక స్కూల్లో చూశాను. పైగా తిప్పి పెట్టారు. హర్డిల్ పాదాలు పరిగెత్తి వచ్చే వైపుకి ఉండాలి. అప్పుడే తగిలితే ముందుకి పడిపోతుంది. తిప్పి పెడితే పడదు, పిల్ల పడుతుంది. ఒక్కసారి ముఖం పగిలితే ఆ భయం ఏళ్లు పోదు. నేను పీవీసీ పైపులతో మోకాలి ఎత్తులో మొదలెడతాను, గ్యాప్ కూడా పిల్లల అడుగుని బట్టి తగ్గిస్తాను.

అపోహ: హర్డిల్స్ చేస్తే ఆడపిల్లకి గర్భసంచి జారుతుంది, పిల్లలు పుట్టరు.

ఇది అడగడానికి సిగ్గుపడుతూ, అందరూ వెళ్లాక ఆగి అడిగే అమ్మలుంటారు. అడిగినందుకు సంతోషిస్తాను. అలాంటిదేమీ జరగదమ్మా. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 80 మీటర్ల హర్డిల్స్‌తో కలిపి నాలుగు బంగారు పతకాలు గెలిచిన ఫానీ బ్లాంకర్స్-కోయెన్ అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. మీరు చూడాల్సింది వేరే ఉంది. ప్రాక్టీస్ పెరిగి, తిండి చాలక పాపకి నెలసరి వరసగా రెండు మూడు నెలలు ఆగిపోతే, అది అలసటలే అని వదిలేయకండి. డాక్టరుకి చూపించండి, నాకూ చెప్పండి, ప్రాక్టీస్ తగ్గిస్తాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో మాత్రం పంపొద్దు. అరటిపండైనా సరే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

హర్డిల్ పడిపోతే ఔట్ అంటారు. కాదు. కావాలని తోస్తేనో, పక్క లేన్ మనిషికి అడ్డమొస్తేనో, వెనక కాలు హర్డిల్ పక్కనుంచి పైపట్టీ కంటే కిందుగా పోతేనో డిస్‌క్వాలిఫై చేస్తారు. పడిన హర్డిల్ చూసి పిల్లలు ఆగిపోవడం ప్రతి స్కూల్ మీట్‌లో చూస్తాను, దయచేసి ఆగొద్దు.

ఆర్కే బీచ్ ఇసకలో రోజూ పరిగెత్తితే స్పీడు వస్తుందంటారు. వారానికి ఒకసారి బలం కోసం సరే. ఇసకలో పాదం నేల మీద ఎక్కువసేపు ఆగుతుంది, హర్డిల్స్‌కి కావాల్సింది దానికి సరిగ్గా ఎదురు.

జిమ్‌లో అన్న ఇచ్చిన పౌడరు మంచిదేనా అని అడుగుతారు. డబ్బా మీద ఏం రాసున్నా, ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే బాధ్యత తిన్నవాళ్లదే. "నాకు తెలీదు" అంటే కుదరదు. గుడ్లు, పప్పు, చేపలు. విశాఖలో చేపలకి కరువేముంది?

చివరిది, మోకాలు. హర్డిల్స్ చేస్తే మోకాళ్లు అరిగిపోతాయని కొందరు, ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు) తెగితే ఆట అయిపోయినట్టే అని కొందరు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి వస్తే అది చాలాసార్లు ఎదుగుదల నొప్పే. దూకే పని కొన్ని వారాలు తగ్గిస్తే సర్దుకుంటుంది, నొప్పి మీద పరిగెత్తిస్తేనే ముదురుతుంది. ఏసీఎల్ వేరే సంగతి. జ్యోతికే 2025లో ప్రాక్టీస్‌లో మోకాలికి గాయమై, సర్జరీ అయి, టోక్యో వరల్డ్ ఛాంపియన్‌షిప్ పోయింది. ఆ వార్త వచ్చిన రోజు మా గ్రౌండ్‌లో ఒక్క పిల్లా వార్మప్‌కి లేవలేదు. సర్జరీ తర్వాత మళ్లీ పూర్తిగా దిగడానికి మామూలుగా తొమ్మిది నెలల నుంచి ఏడాది. ఆ లోపు తొందరపడితే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. గాయమైన కాలి బలం రెండో కాలితో పోలిస్తే కనీసం తొంభై శాతానికి రావాలి, అప్పుడే హర్డిల్ ముఖం చూడాలి.

నా దగ్గర ఇంటర్ రెండో ఏడాది పాప ఒకర్తె ఈ దశలోనే ఉంది. పదో తరగతిలో మానకుండా నిలబడ్డ పిల్ల. సర్జరీ అయి అయిదు నెలలు. వాళ్ల మావయ్య "ఇక చాలించండి" అని రెండుసార్లు ఫోన్ చేశాడు. తండ్రి మాత్రం ఫిజియో రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. పాప మంగళ, గురు, శనివారాల్లో వస్తుంది. ఎడమ కాలు ఇంకా సన్నగానే ఉంది. తన ఎక్సర్‌సైజులు అయ్యాక చిన్నపిల్లలకి హర్డిల్స్ వేయించే పని తీసుకుంది. టేపు ఒక కొస తను పట్టుకుంటుంది, రెండో కొస ఆరో తరగతి పిల్ల పట్టుకుని పరిగెడుతుంది. గీత గీశాక, హర్డిల్ పాదాలు ఎటున్నాయో వంగి తనే చూసుకుంటుంది.