ఆరు మైళ్ల చదరం: జనం పోయినా టౌన్‌షిప్ ఎందుకు మిగిలింది

అమెరికా రాష్ట్రాలైన నార్త్ డకోటాలోనో, మిన్నెసోటా పడమటి భాగంలోనో ఏదైనా పల్లె టౌన్‌షిప్ (మన జిల్లాలాంటి కౌంటీలో ఓ చిన్న స్థానిక పాలనా ప్రాంతం) వివరాలు తీస్తే విస్తీర్ణం 36 చదరపు మైళ్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. జనాభా చాలాచోట్ల వంద కూడా దాటదు. ఇంత కొద్దిమందికి సొంత పాలకవర్గం, సొంత పన్ను ఎందుకు, కౌంటీలో కలిపేస్తే పోదా అన్న వాదన అక్కడ తరచూ లేస్తుంది. దీని మూలం 1785లో ఉంది.

మన దగ్గర ఊరు వెలిశాక పొలిమేర ఏర్పడింది. అక్కడ ముందు పడింది గీతే. స్వాతంత్ర్య యుద్ధపు అప్పుల్లో ఉన్న అమెరికా కాంగ్రెస్ ఒహాయో నది అవతలి భూములు అమ్మి సొమ్ము చేసుకోవాలనుకుంది. 1785 మే 20 నాటి శాసనం ప్రకారం నేలను ఆరు మైళ్ల చదరాలుగా కొలిచి, ఒక్కోదాన్ని 640 ఎకరాల చొప్పున 36 సెక్షన్లు చేయాలి. 16వ సెక్షన్ బడికి. ఆ నేలేమీ ఖాళీగా లేదు. నైరుతి మిన్నెసోటాలో కొలత గొలుసులు దిగింది 1851 ఒప్పందాలతో డకోటా ప్రజల నుంచి భూమి తీసుకున్నాకే.

కొలిచింది 66 అడుగుల, 100 లింకుల గంటర్ గొలుసుతో. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సెంటు కూడా ఈ లెక్కలోదే, వెయ్యి చదరపు లింకులు. చిక్కల్లా భూమి గుండ్రంగా ఉండటంతోనే. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. 45వ అక్షాంశం దగ్గర టౌన్‌షిప్ ఉత్తరపు అంచు దక్షిణపు అంచుకన్నా సుమారు 48 అడుగులు కురచ. ఆ తరుగును, కొలతలో దొర్లిన తేడాలను ఉత్తర, పడమటి వరుసల సెక్షన్ల మీదికి నెట్టేవారు. అందుకే వాయవ్య మూలనున్న 6వ సెక్షన్ నిండా 640 ఎకరాలు తూగడం అరుదు. కొన్ని టౌన్‌షిప్‌లకోసారి దిద్దుబాటు రేఖ గీసి మళ్లీ మొదలుపెట్టేవారు. తిన్నగా ఉత్తరానికి పోయే రోడ్డు అక్కడ హఠాత్తుగా పక్కకు తిరిగి, కాస్త దూరం పోయి మళ్లీ ఉత్తరం పడుతుంది.

1862 హోమ్‌స్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాలిచ్చింది. ఆ లెక్కన టౌన్‌షిప్‌కు 144 కమతాలు, ఇంటికి ఐదుగురనుకుంటే 720 మంది. బడి భూములు, రైల్వేకిచ్చినవి, చిత్తడి నేలలు తీసేస్తే కాగితం మీద కూడా అంతమంది ఉండరనుకోండి. తర్వాత ట్రాక్టరు, కంబైన్ (కోత, నూర్పిడి యంత్రం) వచ్చి నాలుగైదు కమతాలు ఒకే ఇంటి కిందికి చేరాయి. 1930లో 6.8 లక్షలున్న నార్త్ డకోటా జనాభా 1970 నాటికి 6.2 లక్షలకు దిగింది. పల్లెల్లో తరుగుదల ఇంతకన్నా ఎక్కువ, ఎందుకంటే పట్టణాలు ఆ కాలంలో పెరిగాయి. 1890 జనగణన చదరపు మైలుకు ఇద్దరికన్నా తక్కువుంటే స్థిరనివాసం లేని సీమగా లెక్కగట్టింది. టౌన్‌షిప్‌కు అది 72 మంది. నేడు ఆ గీత కింద ఉన్నవి కోకొల్లలు.

ఈ అంకెలు పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇండియానా రాష్ట్రంలో టౌన్‌షిప్ లెక్కలో లోపలి పట్టణ జనం కూడా చేరతారు, మిన్నెసోటాలో చేరరు. పట్టణం పక్క పొలాలను కలుపుకుంటే అక్కడ టౌన్‌షిప్ విస్తీర్ణమే తగ్గిపోతుంది. 2020 జనగణనలో వ్యక్తుల గోప్యత కోసం చిన్న ప్రాంతాల అంకెలను కావాలనే కాస్త అటూ ఇటూ మార్చారు. కాబట్టి 48 మంది 43 అయ్యారంటే ఐదుగురు వెళ్లిపోయినట్టు కాదు.

ఇక అసలు తగవు రోడ్లది. సెక్షన్ గీతలన్నిటి మీదా రోడ్డు వేస్తే, సరిహద్దు రోడ్లు పొరుగువారితో సగం పంచుకున్నాక కూడా ఒక టౌన్‌షిప్ వంతు 72 మైళ్లు. అన్నిటి మీదా రోడ్లు లేవు, కొన్ని కౌంటీవి. అయినా భారం తక్కువ కాదు. 20 అడుగుల వెడల్పు రోడ్డుకు అంగుళం మందాన కంకర పోయాలంటే మైలుకు దాదాపు 250 ఘనపు మీటర్లు కావాలి. కోతల్లో ధాన్యం లారీలు తిరిగి, వసంతంలో మంచు కరిగి కింది నేల మెత్తబడితే అదీ నిలవదు. విలీనం చేస్తే గుమస్తా ఖర్చు మిగలొచ్చు గానీ రోడ్డు పొడవు అంగుళం తగ్గదు. మిన్నెసోటాలో మార్చి రెండో మంగళవారం జరిగే వార్షిక సమావేశంలో ఎంత పన్ను వేయాలో వచ్చిన ఓటర్లే తేలుస్తారు. టౌన్‌షిప్ రద్దయితే ఆ నిర్ణయం కౌంటీ బోర్డుకు పోతుంది.