బాండ్ సినిమాల్లో తుస్సుమన్న కార్లు: అపోహలు, వాస్తవాలు

సినిమా షూటింగులకు బండ్లు సిద్ధం చేయడం నా పని. హైదరాబాద్‌లో చిన్న షెడ్డు ఉంది. పల్టీ కొట్టాల్సిన బండికి లోపల రోల్ కేజ్, అంటే మనిషి నలిగిపోకుండా కాపాడే ఇనుప పైపుల చట్రం, వెల్డింగ్ చేయడం, పెట్రోల్ ట్యాంకు పీకేసి ఐదు లీటర్ల డబ్బా బిగించడం, హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక చక్రాలు గట్టిగా పట్టేసేలా చూడటం, ఇవే రోజూ చేసేవి. సాయంత్రం టీ దగ్గర కుర్రాళ్లు కూర్చుంటే జేమ్స్ బాండ్ కార్ల గురించి వాదన మొదలవుతుంది. ఏ కారు చెత్త, ఏది మోసం, ఏది కంపెనీ డబ్బిచ్చి పెట్టించింది అని. ఆ వాదనల్లో పదేపదే వినబడే తప్పులు కొన్ని ఉన్నాయి.

అపోహ: బీఎండబ్ల్యూ జెడ్3 బాండ్ స్థాయి కారు కాదు, అందుకే 'గోల్డెన్‌ఐ'లో తేలిపోయింది.

స్థాయి సంగతి కొంత నిజమే. 1.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 140 హార్స్‌పవర్. కానీ అది తేలిపోవడానికి కారణం ఇంజన్ కాదు. బాండ్‌కు ఆయుధాలు, బండ్లు తయారుచేసిచ్చే క్యూ గారు హెడ్‌లైట్ల వెనక క్షిపణులున్నాయని ఊరించి ఊరించి చెబుతారు. తర్వాత ఏం జరుగుతుంది? బాండ్ క్యూబాలో పచ్చటి రోడ్డు మీద హాయిగా నడుపుకుంటూ వచ్చి, ఆ కారును అమెరికా గూఢచారి చేతికిచ్చి, బదులుగా చిన్న విమానం తీసుకుని వెళ్లిపోతాడు. ఒక్క క్షిపణీ పేలదు. విస్తరి వేసి, నీళ్లు చల్లి, వడ్డించకుండా లేపేసినట్టు.

సినిమా 1995 నవంబరులో వచ్చింది. అప్పటికి ఆ కారు ఇంకా షోరూముల్లోకి రాలేదు. కంపెనీకి కావలసింది జనం దాన్ని ఒకసారి చూడటం, అది జరిగింది. కథకు మాత్రం ఆ కారుతో పనే లేదు. మా పనిలో ఇది కొత్తేమీ కాదు. స్క్రిప్ట్‌లో పని రాయని బండిని ఎంత తుడిచి మెరిపించినా తెర మీద అది పార్కింగ్‌లో నిలబెట్టిన బండే.

ఇదే సినిమా మొదట్లో ముప్పై ఏళ్ల నాటి ఆస్టన్ మార్టిన్ డీబీ5 మొనాకో కొండల్లో కొత్త ఫెరారీ 355తో పక్కపక్కనే పరుగెడుతుంది. నిజం రోడ్డు మీదైతే రెండు మలుపుల్లో ఫెరారీ కనబడకుండా పోతుంది. అయినా ఎవరూ నోరెత్తరు. ఇష్టమైన కారుకు అన్నీ మాఫీ.

అపోహ: సిట్రోయెన్ 2సీవీతో ఛేజ్ అంటే బాండ్‌ను జోకర్ చేయడమే.

1981 నాటి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' సంగతి. తెల్ల లోటస్ ఎస్ప్రీ టర్బో అద్దాన్ని ఒక దుండగుడు పగలగొట్టగానే కారు మొత్తం పేలిపోతుంది. పెద్ద కారు పోయింది, ఇక మిగిలింది హీరోయిన్‌గారి పసుపుపచ్చ 2సీవీ. చాలామంది ఇక్కడే నిరాశపడతారు. నాకైతే మొత్తం సిరీస్‌లో ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన ఛేజ్ ఇదే.

మామూలు 2సీవీలో రెండు సిలిండర్లు, 29 హార్స్‌పవర్. దాంతో కొండ ఎక్కడమే గగనం. అందుకని షూటింగ్ కార్లలో సిట్రోయెన్ జీఎస్ నుంచి తీసిన నాలుగు సిలిండర్ల ఇంజన్ పెట్టారు, 54 హార్స్‌పవర్ వచ్చింది. బయటికి అదే తగరపు డబ్బా, లోపల దాదాపు రెట్టింపు బలం. నడిపించింది రెమీ జూలియెన్ అనే ఫ్రెంచి స్టంట్ మాస్టర్ బృందం. కథలో స్పెయిన్, తీసింది గ్రీసులోని కోర్ఫూ దీవిలో. ఊళ్లో కారు పక్కకు ఒరిగిపోతే జనం వచ్చి ఎత్తి నిలబెడతారు చూశారా, అది తేలిక బండి కాబట్టే నమ్ముతాం. వేటాడేవి బరువైన పెజో 504లు. బలహీనుడు తెలివితో తప్పించుకుంటుంటే కంగారు పుడుతుంది. లోటస్ ఉండి ఉంటే గేరు మార్చి వెళ్లిపోయేవాడు, సీన్ అక్కడితో అయిపోయేది.

జూలియెన్ గారే 1985లో 'ఎ వ్యూ టు ఎ కిల్'లో పారిస్ ట్యాక్సీ రెనో 11ను సగానికి కోసి ముందు భాగంతోనే పరుగెత్తించారు. అది గ్రాఫిక్స్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్, ఇంజన్, గేర్‌బాక్స్, లాగే చక్రాలు అన్నీ ముందే. వెనక సగం లేకపోయినా బండి నడుస్తుంది. మన అంబాసిడర్‌తో ఆ పని చేయమంటే నేను చేతులెత్తేస్తాను.

అపోహ: 1974 నాటి ఏఎంసీ హార్నెట్ గెంతు మొండి ధైర్యంతో చేసింది.

'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్' థాయ్‌లాండ్‌లో తీశారు. విరిగిన వంతెన మీంచి కారు గాల్లో ఒక పూర్తి చుట్టు తిరిగి అవతలి ఒడ్డున చక్రాల మీదే దిగుతుంది. అమెరికాలోని కార్నెల్ ఏరోనాటికల్ ల్యాబొరేటరీ వాళ్లు కంప్యూటర్‌లో లెక్క కట్టి తయారుచేసిన గెంతు అది. బరువు అటూఇటూ సమానంగా ఉండాలని స్టీరింగును మధ్యకు మార్చి డ్రైవర్‌ను కారు నడుమన కూర్చోబెట్టారు. వేగం గంటకు సుమారు 64 కిలోమీటర్లే. ఒకే టేకులో అయిపోయింది.

ఇంత చేసి, గాల్లో తిరిగేటప్పుడు బొమ్మ పీక ఊదినట్టు 'వీ...' అని ఒక సౌండ్ పెట్టారు. సంగీతం చేసిన జాన్ బ్యారీ తర్వాత తానే పశ్చాత్తాపపడ్డారు. కాబట్టి నిరాశ కారుది కాదు, సౌండ్ టేబుల్ దగ్గరిది.

అపోహ: 'టుమారో నెవర్ డైస్'లో బీఎండబ్ల్యూను నిజంగా ఫోన్‌తో నడిపారు.

ఈ మాట ఇంజనీరింగ్ చదివిన పిల్లలే అంటారు. 1997లో పార్కింగ్ భవనంలో ఆ కారును నడిపింది మనిషే. వెనక సీటు దగ్గర కిందికి నక్కి, చిన్న తెరలు చూస్తూ స్టీరింగ్ తిప్పాడు. బాండ్ కూడా వెనకే పడుకుని ఫోన్ మీద వేలు జరుపుతుంటాడు కాబట్టి ఒక విధంగా సినిమా అబద్ధం చెప్పలేదు.

అపోహ: 'డై అనదర్ డే'లో మాయమయ్యే కారు అంతా కంప్యూటర్ గోలే.

మాయమవడం గోలే, నేనూ ఒప్పుకుంటా. 2002లో హాల్లో కూర్చుని తల పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి. కానీ ఆ మంచు ఛేజ్ మాత్రం అసలైన పని. ఐస్‌లాండ్‌లో యోకుల్‌సార్లోన్ అనే హిమనీనద సరస్సులోకి సముద్రపు ఉప్పునీరు రాకుండా కాలువకు అడ్డుకట్ట వేసి, సరస్సు గడ్డకట్టాక దాని మీద కార్లు తిప్పారు. ఆ మాయమయ్యే కారు ఆస్టన్ మార్టిన్ వాంక్విష్. దాంట్లో వెనక చక్రాలే లాగుతాయి, మంచు మీద అది గిరగిరా తిరగడం తప్ప ముందుకు పోదు. అందుకని స్టంట్ కార్లలోంచి వీ12 ఇంజన్ దించేసి, ఫోర్డ్ వీ8 పెట్టి, నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఇచ్చారు. ఇంత చెమట చిందించిన పని మీద 'అదృశ్యం' ముసుగు కప్పేశారు. మెకానిక్‌గా నాకు కోపం వచ్చేది అందుకే.

అపోహ: ఖరీదైన కారైతే స్టంట్ బాగా వస్తుంది.

సరిగ్గా తిరగేసి చెప్పాలి. 'క్యాసినో రాయల్' కోసం బ్రిటన్‌లోని మిల్‌బ్రూక్ టెస్ట్ ట్రాక్‌లో ఆస్టన్ మార్టిన్ డీబీఎస్‌ను ర్యాంప్ ఎక్కించి పల్టీ కొట్టించబోతే అది బోల్తా పడనే లేదు. బండి అంత నిలకడ. చివరికి అడుగున నైట్రోజన్ ఫిరంగి బిగించి నేలను తన్నిస్తే ఏడుసార్లు దొర్లి గిన్నెస్ రికార్డు కొట్టింది. లోపల ఉన్నది స్టంట్ డ్రైవర్ ఆడమ్ కర్లీ.

మా దగ్గరా అంతే. ఒకసారి ఊరి బయట సర్వీసు రోడ్డు మీద ఒక విదేశీ కారుతో స్పిన్ తీయాలి. మూడు టేకులు, ప్రతిసారీ కారు సగం జారి, 'టక టక టక' అని బ్రేకులు తనే వేసుకుని నేరుగా నిలబడుతోంది. ఫైట్ మాస్టర్ నా వైపు చూస్తున్నాడు, నాకేమో టెన్షన్. జారిపోకుండా ఆపే ఎలక్ట్రానిక్స్ డాష్‌బోర్డు స్విచ్చితో పూర్తిగా ఆగవు, ఫ్యూజ్ పీకాలి. ఆ సంగతి ముందే చూసుకోకపోవడం నా తప్పే. పీకాక ఒక్క టేకులో ఓకే. అదే పాత సుమో అయితే అడగాల్సిన పనే లేదు. గట్టి ఛాసిస్, చవక, ఇంజన్ దించేసి రోప్ కడితే చెప్పినంత ఎత్తు లేస్తుంది. తెలుగు సినిమాలో సుమోలే ఎందుకు ఎగిరేవని నవ్వుతారు గానీ, దాని వెనక ఉన్న లెక్క ఇదీ.

కారే లేకుండా పోయిన బాండ్ ఛేజ్ కూడా ఒకటి మన దేశంలోనే ఉంది. 1983 నాటి 'ఆక్టోపుస్సీ'లో ఉదయ్‌పూర్ సందుల్లో ఆటో. నడిపింది మన టెన్నిస్ విజయ్ అమృత్‌రాజ్, వెంటపడ్డవాళ్లను కొట్టింది రాకెట్‌తోనే. మూడు చక్రాల బండికి అంత పని ఇచ్చినవాళ్లు జెడ్3కి ఇవ్వలేకపోయారు.

చివరిగా 'స్పెక్టర్'లో డీబీ10. ఆ సినిమా కోసమే పది మాత్రం తయారుచేశారు. రోమ్ వీధుల్లో శత్రువు దగ్గరపడగానే బాండ్ తుపాకుల స్విచ్ వేస్తే తూటాల్లేవు. ఆ కారు వేరే ఏజెంటు కోసం సిద్ధం చేస్తున్నది, ఇంకా లోడ్ చేయలేదు. హాల్లో చాలామంది ఉసూరుమన్నారు. నేను మాత్రం పగలబడి నవ్వాను. స్మోక్ డబ్బాలు నింపడం మర్చిపోయి, కెమెరాలు తిరుగుతుండగా స్విచ్ నొక్కి, బిక్కమొహం వేసుకుని నిలబడ్డ రోజులు నాకూ ఉన్నాయి మరి.